తూత్ హమ్మామ్ గేటు సాక్ష్యం

మెక్నెస్ పాత ఊరిని ఆ రంజాన్‌లో కడుపుబ్బ నవ్వించిన సంగతి ఒకటి జరిగింది. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు పిల్లలకు ఖురాన్ చెప్పే సీ అల్లాల్, రెండోవారు తూత్ హమ్మామ్ అనే వేడినీళ్ళ స్నానశాల గడపలో కాపలా కూర్చునే లల్లా యమ్నా.

సీ అల్లాల్‌ని అందరూ ఫఖీ గారనే పిలుస్తారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, రంజాన్‌లో ఊరంతా ఆలస్యంగా తిరుగుతుంటే ఆయనొక్కడే ప్రతిచోటికీ గంట ముందు చేరతాడు. పిల్లలకు వేళ విలువ నేర్పేవాడు ముందు తాను పాటించాలి కదా అంటాడు. ఆ రోజు హమ్మామ్‌లో మూడు గంటలకు, అంటే ఆడవాళ్ళ వేళ అయిపోయి మగవాళ్ళ వేళ మొదలయ్యే సమయానికి, ఫోన్‌లో చోటు తీసుకున్నాడు. అలవాటు కొద్దీ రెండు దాటగానే వచ్చేశాడు. గడప పక్క అరుగు మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుకోవాలని ఆయన ఉద్దేశం. కూర్చునే ముందు, ఊరికే చూద్దామని, తన నంబరు గేటు మీద నొక్కాడు. గేటు పచ్చదీపం వెలిగించి "మర్హబా" అంది. రమ్మన్నాక వెళ్ళకపోవడం మర్యాద కాదని ఆయన లోపలికి నడిచాడు.

తల దించుకుని నడిచే మంచి అలవాటు ఆయన కొంప ముంచింది. బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని, ఒక చెప్పు విడిచి, అప్పుడు తలెత్తి సలాం చెప్పాడు. బదులుగా వచ్చిన కేక పక్కవీధి రొట్టెల భట్టీ దాకా వినిపించింది. పండగ స్నానానికి వచ్చిన ఆడవాళ్ళు, చేతిలో నిండు బకెట్లున్నవాళ్ళు, ఊరుకుంటారా? ఫఖీ గారు పొడుగు జలాబా అంగీ నుంచి నీళ్ళు కారుతుండగా, ఒంటి చెప్పుతో, "పచ్చదీపం! పచ్చదీపం!" అని అరుస్తూ వీధినపడి ఇంటికి పరిగెత్తాడు. రెండో చెప్పు సాయంత్రం ఆయన భార్య వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా తీసుకుపోయింది.

ఆ సమయానికి యమ్నా గడపలో లేదు. లోపల సబ్బునీళ్ళలో జారిపడ్డ ఒక ముసలావిడను లేపి కూర్చోబెడుతోంది. ఈ మాట హమ్మామ్ యజమాని హాజీ మెక్కీ చెవికెక్కలేదు. ఫఖీ గారు యమ్నా మనవలకు ఉచితంగా చదువు చెబుతున్నాడని వీధిలో అందరికీ తెలుసు. ఆ మొహమాటంతో యమ్నాయే ఆయన్ని ముందుగా లోపలికి పంపిందని హాజీ తీర్మానించుకున్నాడు. అయినా న్యాయంగా ఉండాలనుకుని, గేటు పెట్టిన ఆఫీసుకు ఫోన్ చేశాడు. కథ బతూల్ మెడకు చుట్టుకున్నది అక్కడే.

ఆ ఆఫీసు నూనెలో గారెలు వేసే దుకాణం మీద, రెండు గదుల్లో ఉంటుంది. యజమాని సీ ఫద్దూల్, పనిచేసేది బతూల్. ఊళ్ళో పదీ పన్నెండు హమ్మామ్‌లకు వాళ్ళు గేట్లు పెట్టారు. జనం ఫోన్‌లో చోటు తీసుకుంటే ఒక నంబరు వస్తుంది. వేళకి వచ్చి ఆ నంబరు నొక్కితే పచ్చదీపం. వేళ దాటి వస్తే ఎర్రదీపం, దాని పక్కన "ఆలస్యం" అన్న మాట. అప్పుడు గడపలో కూర్చున్నవాళ్ళు దయతలచి మెడలోని బిళ్ళ గేటుకి ఆనిస్తే తెరుచుకుంటుంది. ఏ గేటు దగ్గర ఏం జరిగినా ఆఫీసు కంప్యూటర్‌లోని లాగ్ ఫైల్లో ఒక వరస పడుతుంది. ఏ గంటకి, ఏ గేటు, నంబరా బిళ్ళా, తెరిచిందా లేదా, అంతే. రోజుకి వేల వరసలు. మనిషి కూర్చుని చదివేవి కావు. అందుకని బతూల్ చిన్న చిన్న స్క్రిప్టులు రాసుకుంది. ఇలాంటి మాట ఉన్న వరసలు ఏరి చూపించు అంటే ఏరి చూపిస్తాయి, అలాంటివి పారేసి మిగతావి చూపించు అంటే పారేసి చూపిస్తాయి. వాళ్ళమ్మ పళ్ళెంలో పప్పు పోసుకుని రాళ్ళు ఏరినంత తేలిగ్గా బతూల్ ఆ పని చేస్తుంది. అందులో తనను మించినవాళ్ళు మెక్నెస్‌లో లేరని ఆ పిల్లకి లోపల కొంచెం గర్వం కూడా ఉంది.

"బతూల్! తూత్ గేటు రెండు దాటాక ఎవరు తీశారో చూడు. తొందరగా! హాజీ లైన్లోనే ఉన్నాడు" అంటూ సీ ఫద్దూల్ లోపలి గదిలోంచి ఊడిపడ్డాడు. సిగరెట్ లేని పగటిపూట ఆయనకు గోడ మీద గడియారం కూడా శత్రువులాగే కనిపిస్తుంది.

బతూల్ తూత్ గేటు వరసలు ఏరింది. అందులోంచి రెండు దాటి మూడు లోపువి ఏరింది. నాలుగైదు మిగిలాయి. అన్నీ బిళ్ళతో తెరిచినవే. నంబరుతో తెరిచినది ఒక్కటీ లేదు.

"బిళ్ళ! బిళ్ళ ఎవరి మెడలో ఉంటుంది? యమ్నా మెడలో!" అన్నాడు సీ ఫద్దూల్, అదేదో శుభవార్త అయినట్టు.

"ఒక్క నిమిషం ఆగండి. ముందూ వెనకా కూడా చూసి..."

"నువ్వు ముందూ వెనకా చూసేలోగా నా ప్రాణం పోయేట్టుంది. హాజీకి ఇంకో రెండు హమ్మామ్‌లున్నాయి. పండగయ్యాక వాటికీ మన గేట్లే పెట్టిస్తానన్నాడు. మన గేటు తప్పు కాదని తేలింది కదా, చాలు." ఆయన తెరను ఫోటో తీసి హాజీకి పంపేశాడు. ఆ తర్వాత ఇఫ్తార్‌కి తేనెలో ముంచిన మిఠాయి, షెబ్బాకియా, ఏ కొట్లో కొనాలా అని ఆలోచనలో పడ్డాడు.

మర్నాడు పొద్దున బతూల్ ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద యమ్నా కూర్చుని ఉంది. లావుపాటి మనిషి, తెల్ల తలగుడ్డ, మెడలో బిళ్ళ. చిన్నప్పుడు బతూల్‌ని వాళ్ళమ్మ శుక్రవారం శుక్రవారం తూత్ హమ్మామ్‌కి ఈడ్చుకెళ్తే, వేడినీళ్ళకి గుక్కపట్టే పిల్లకి నారింజ తొనలు పెట్టి ఊరుకోబెట్టింది ఈవిడే. బతూల్‌కి ఆమె పిన్ని వరస, రక్తసంబంధం ఏమీ లేకపోయినా.

"ఏమే బతూలూ, నా మీద సాక్ష్యం చెప్పింది నీ డబ్బానా, నువ్వా?"

"పిన్నీ, లోపలికి రా. కూర్చో."

"కూర్చోడానికేం, ఈ పూట నుంచీ కూర్చోడమే కదా నా పని! ఇవాళ మూడింటికి ఆడవాళ్ళ వేళ అయిపోగానే బిళ్ళ తన చేతిలో పెట్టి ఇంటికి పొమ్మన్నాడు హాజీ. పండగ ముందు! ఊళ్ళో అందరూ ఏమనుకుంటారు? మగాణ్ణి లోపలికి తోలిన మనిషి అనరా నన్ను?" ఆమె గొంతు అక్కడ కొంచెం వణికింది. వణికినందుకు ఆమెకే కోపం వచ్చినట్టుంది, తలగుడ్డ సర్దుకుని బతూల్ వైపు గుర్రుగా చూసింది.

"నిన్న రెండింటప్పుడు బిళ్ళ పెట్టావా లేదా, నిజం చెప్పు."

"నిన్నేమిటే, రోజూ పెడుతూనే ఉన్నా! వచ్చినదానికల్లా ఎర్రదీపం చూపించి ఆలస్యం, ఆలస్యం అంటుంది నీ గేటు. చంకలో పిల్లతో, నెత్తిన మూటతో వచ్చినదాన్ని వీధిలో నిలబెట్టమంటావా? హాజ్జా ఫద్మాని ఎరుగుదువు కదా, ఆవిడ అడుగు పెట్టిందంటే గడియారం దిద్దుకోవచ్చు. ఆవిడక్కూడా ఆలస్యమేనట! ఆవిడ నా మీద పడి తిట్టింది తిట్టకుండా తిట్టింది."

"మరి చెప్పొద్దూ?"

"చెప్పలేదూ?" యమ్నా రెండు చేతులూ నడుముకి ఆనించింది. "రంజాన్ మొదటివారంలోనే నీకు ఫోన్ చేశాను. గేటుకి ఏదో అయింది, అందరినీ ఆలస్యం అంటోంది అన్నాను. నువ్వేమన్నావు? పకపకా నవ్వావు. రంజాన్ కదా పిన్నీ, ఎవరు వేళకి వస్తారు అన్నావు."

బతూల్‌కి ఆ ఫోన్ గుర్తొచ్చింది. నవ్విన సంగతీ గుర్తొచ్చింది. ముఖం వేడెక్కింది.

"నేను చూస్తాను పిన్నీ. మూడింటిలోగా వస్తాను. అంతవరకు బిళ్ళ ఎవరికీ ఇవ్వకు."

"చూడు, చూడు. ఈసారి కళ్ళు తెరుచుకుని చూడు" అని యమ్నా మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగింది.

బతూల్ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ ఫోన్ తర్వాత తాను చేసిన పని ఒకటి గుర్తొచ్చింది. రంజాన్‌కి ముందు ఆదివారం, ఏటా చేసినట్టే, దేశమంతా గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకుంది. ఆ మర్నాటి నుంచీ పొద్దున పొద్దున వచ్చే నివేదిక నిండా "ఆలస్యం" వరసలే. సీ ఫద్దూల్ చూసి, "ఈ చెత్తంతా నాకెందుకు? జనం బద్ధకం గురించి కాదు, గేట్ల గురించి చెప్పు" అని విసుక్కున్నాడు. నిజమే కదా అనుకుని బతూల్ తన స్క్రిప్టులో ఒక చిన్న మాట చేర్చింది. ఆలస్యం అని ఉన్న వరస ఏదైనా సరే, పారెయ్యి. నిన్న హాజీ కోసం ఏరినప్పుడు కూడా అదే స్క్రిప్టు వాడింది. అంటే నిన్న తాను చూసింది మొత్తం కాదు, పారేయగా మిగిలినది.

ఆ మాట తీసేసింది. మళ్ళీ తూత్ గేటు వరసలు పిలిచింది.

తెర నిండా ఎర్రగా ఆలస్యం వచ్చి పడింది. ప్రతి బిళ్ళ వరసకీ ముందు ఒక ఆలస్యం. ఎవరో ఒకరు నంబరు నొక్కారు, గేటు ఆలస్యం అంది, యమ్నా బిళ్ళ పెట్టింది. మళ్ళీ మళ్ళీ అదే. మిగతా హమ్మామ్‌ల గేట్లు కూడా ఏరి పక్కన పెట్టుకుంది. అక్కడా ఆలస్యాలు మామూలు నెలలకంటే ఎక్కువే, కాదనలేం. కానీ అక్కడ వేళకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. తూత్‌లో రంజాన్ మొదలైనప్పటి నుంచీ నిన్నటిదాకా వేళకి వచ్చినవాళ్ళు అసలు లేరు. ఆడవాళ్ళూ లేరు, మగవాళ్ళూ లేరు. మెక్నెస్ జనాన్ని బతూల్ పుట్టినప్పటి నుంచీ ఎరుగును. ఏ పనీ ఇంత క్రమం తప్పకుండా చేసే రకాలు కారు వాళ్ళు, ఆలస్యం కావడంతో సహా.

అప్పుడు ఫఖీ గారి నంబరు వెతికింది. ఒకే ఒక్క వరస దొరికింది. నంబరుతో వచ్చాడు, పచ్చదీపం, తెరిచింది. గంట దగ్గర మూడు దాటి ఐదు నిమిషాలు అని ఉంది.

మూడు దాటాక ఫఖీ గారు ఇంట్లో దుప్పటి ముసుగుపెట్టి పడుకుని ఉన్నాడు. ఆయన భార్య వాముకషాయం కాస్తోంది. వీధి వీధంతా ఆ ఇంటి గుమ్మంలో నిలబడి ఓదార్చే వంకతో తొంగిచూస్తోంది. ఆ సమయానికి ఆయన గేటు దగ్గర ఎలా ఉంటాడు? ఉన్నది రెండింటికి. గేటు దాన్ని మూడు అనుకుంది. దేశమంతా గంట వెనక్కి జరిగినా తూత్ గేటు జరగలేదు!

బతూల్ కుర్చీలోంచి లేచి గదిలో ఒకసారి చుట్టూ తిరిగి మళ్ళీ కూర్చుంది. ఎందుకు జరగలేదో కూడా అరగంటలో తేలింది. ప్రతి గేటూ తెల్లవారుజామున ఒకసారి ఆఫీసు కంప్యూటర్‌ని గంటెంతైందని అడుగుతుంది. తూత్ గేటు ఏ తెల్లవారుజామునా అడిగిన జాడ లేదు. రాత్రిళ్ళు దాని నుంచి ఒక్క వరస కూడా లేదు. పొద్దున కళ్ళు తెరుస్తుంది, రాత్రి మూసుకుంటుంది. అంటే ఎవరో రోజూ రాత్రి దాని కరెంటు తీసేస్తున్నారు. గేటు పెట్టింది చలికాలంలో. గంట మార్చే అవసరం ఇంతవరకు రాలేదు కాబట్టి ఆ సంగతి బయటపడలేదు.

సీ ఫద్దూల్ వచ్చాక అంతా చూపించింది. ఆయన నిలబడే విన్నాడు, తర్వాత మెల్లగా కూర్చున్నాడు.

"ఇప్పుడే, ఇక్కణ్ణుంచే ఆ గంట సరిచేసెయ్. ఎవరికీ తెలియదు."

"సరిచేస్తే యమ్నా పిన్ని మాట నిజమని రుజువేది?"

"పండగయ్యాక చెబుదాం. నిదానంగా, టీ తాగుతూ చెబుదాం. ఇప్పుడు హాజీ కడుపు కాలి ఉన్నాడు, నేనూ కాలి ఉన్నాను."

"పండగయ్యేసరికి ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. నిన్న ఫోటో పంపడానికి మీకు నిమిషం పట్టలేదు. అది అబద్ధమని చెప్పడానికి పండగ దాకా ఆగాలా?"

"నన్నంటావేమే? ఆలస్యాలు పారేసింది ఎవరి స్క్రిప్టు?"

"నాదే" అంది బతూల్. "అదీ చెబుతాను."

సీ ఫద్దూల్ జేబులో లేని సిగరెట్ కోసం తడుముకున్నాడు. "ఆ రెండు హమ్మామ్‌లూ పోతే నీ జీతం ఎవరిస్తారనుకుంటున్నావు?" అన్నాడు. ఆ మాట బతూల్‌కి తగిలింది. ఇంట్లో జీతం వచ్చేది ఆమె ఒక్కదానికే. భయం వేయలేదంటే అబద్ధం. కానీ పొద్దున యమ్నా గొంతు వణికిన తీరు చెవిలోంచి పోవడం లేదు. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. సగం దారిలో వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. సీ ఫద్దూల్ రొప్పుతూ, గొణుగుతూ వస్తున్నాడు.

తూత్ హమ్మామ్ గడపలో యమ్నా కుర్చీలోనే ఉంది. కుర్చీ పక్కన ఆమె మూట కట్టి సిద్ధంగా ఉంది. రెండు కావస్తోంది. ఎదురుగా అరుగు మీద హాజీ మెక్కీ కూర్చుని ఉన్నాడు. బిళ్ళ తీసుకోవడానికి ఆయనే స్వయంగా వచ్చాడు, అదీ తొందరపడి. సన్నటి మనిషి, ఇస్త్రీ చెడని జలాబా. మంచివాడే, కానీ తన మాట తప్పని తేలడం ఆయన ఇంటావంటా లేదు.

"ఏమయ్యా ఫద్దూల్, సాక్షిని కూడా వెంటబెట్టుకొచ్చావే!" అన్నాడు.

సీ ఫద్దూల్ గొంతు సవరించుకున్నాడు. గొంతు సవరించుకోవడంతోనే ఆగిపోయాడు.

"హాజీ గారూ," అంది బతూల్, "మీ పేరు మీద మూడు గంటలకి చోటు తీసుకున్నాను. ఇదుగో మీ నంబరు. రెండు దాటాక ఒక్కసారి గేటు మీద నొక్కండి."

"మూడింటి నంబరు రెండింటికి నొక్కితే ఏమవుతుంది? ఎర్రదీపం వస్తుంది. ఇంకా వేళ కాలేదంటుంది. ఆ మాత్రం నాకు తెలీదా?"

"తెలుసు కాబట్టే నొక్కమంటున్నాను."

లోపల నుంచి నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు, ఏదో పాట వినిపిస్తున్నాయి. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తలుపు సందులోంచి ముక్కులు బయటపెట్టి వింటున్నారు. మసీదు గోడ మీద గడియారం రెండు దాటింది. హాజీ లేచి, జలాబా దులుపుకుని, చిన్నపిల్లల ఆటకి ఒప్పుకున్న పెద్దమనిషిలా నవ్వి, అంకెలు ఒక్కొక్కటే నొక్కాడు.

గేటు పచ్చదీపం వెలిగించింది. "మర్హబా" అంది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

ముక్కులు బయటపెట్టినవాళ్ళు కెవ్వుమన్నారు. లోపల ఎవరో, "మళ్ళీ మగాడే! బకెట్లు పట్టండే!" అని అరిచారు. హాజీ మెక్కీ రెండడుగులు వెనక్కి దూకాడు. ఆ వయసులో అలా దూకిన మనిషిని ఆ వీధి అంతకు ముందు చూడలేదు. ఈలోగా యమ్నా కుర్చీలోంచి లేచి గడపకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది.

"ఆగండి హాజీ! ఆడవాళ్ళ వేళ. గేటు రమ్మంటే రమ్మంటుంది, నేను రానివ్వొద్దూ?"

"నేనెక్కడ వస్తున్నానమ్మా!" అన్నాడు హాజీ, దాదాపు ఏడుపు గొంతుతో. "నేను రావట్లేదు! అందరూ వినండి, నేను రావట్లేదు!" ఆయన ఆ పచ్చదీపం వంక చూశాడు. నిన్న ఫఖీ గారు ఏమని అరుస్తూ పరిగెత్తాడో ఆయనకు గుర్తొచ్చినట్టుంది, అరుగు మీద కూలబడ్డాడు.

"ఈ గేటుకి మతి పోయిందా?" అన్నాడు చివరికి.

"మతి పోలేదండీ, గంట తప్పింది. తెల్లవారుజామున అది మా దగ్గర గంట అడిగి తెలుసుకోవాలి. రాత్రి ఎవరో కరెంటు తీసేస్తున్నారు."

"ఎవరో ఏమిటి, నేనే తీస్తున్నాను. రాత్రంతా ఎవరూ రాని గేటుకి కరెంటు దండగ కాదూ?" అన్నాడు హాజీ గర్వంగా. అన్న తర్వాత అర్థమైంది. గడ్డం గోక్కున్నాడు. తలుపు సందులోంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. "నవ్వండి, నవ్వండి" అని ఆయన అటు కసిరాడు గానీ అందులో పస లేదు. వెంటనే సీ ఫద్దూల్ మీదికి తిరిగాడు. "మరి నువ్వు పంపిన ఫోటో ఏమిటయ్యా? ఆ ఫోటో చూసే కదా నేను ఈవిణ్ణి పొమ్మన్నది!"

సీ ఫద్దూల్ బతూల్ వంక చూశాడు. తిలా పాపం తలా పిడికెడు. తన పిడికెడు ఇప్పుడు విప్పాలని బతూల్‌కి తెలుసు.

"ఆ ఫోటో నేను ఏరి ఇచ్చినదే హాజీ గారూ. సగమే ఏరాను. యమ్నా పిన్ని రంజాన్ మొదటివారంలోనే నాకు ఫోన్ చేసి చెప్పింది, గేటు అందరినీ ఆలస్యం అంటోందని. నేను నవ్వాను. నవ్వి ఊరుకోలేదు, ఆలస్యం అన్న వరసలన్నీ కనబడకుండా పారేసే మాట స్క్రిప్టులో రాశాను. ఆ వరసల్లోనే నిజం ఉంది. ఆమె మాటని నేనే పారేశాను. ఫఖీ గారు తడిసిందీ, ఆమె మూట కట్టుకుందీ నా వల్లే."

లోపల పాట ఆగింది. సీ ఫద్దూల్ నేల చూపులు చూస్తూ, "విసుక్కున్నది నేను. అది కూడా రాసుకోండి" అన్నాడు. ఆయన్ని ఎరిగినవాళ్ళకి అది చాలా పెద్ద మాట. బతూల్ ఆశ్చర్యంగా ఆయన వైపు చూసింది.

హాజీ లేచాడు. యమ్నా ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. క్షమించమనే మాట ఆయన నోట్లో ఎన్నేళ్ళుగా వాడకుండా పడి ఉందో, బయటికి రావడానికి అవస్థపడింది. "లల్లా యమ్నా, తప్పు నాది. కూర్చో నీ కుర్చీలో" అన్నాడు.

"ఇంత తేలిగ్గానా?" అంది యమ్నా. "ముందు ఫఖీ గారింటికి మీరే వెళ్ళి, అందరూ వినేలా చెప్పి రావాలి. ఇవాళే, ఇఫ్తార్‌కి ముందే. ఆ మనిషి నిన్నట్నుంచీ దుప్పటిలోంచి బయటికి రాలేదు. వెళ్తూ ఉత్తచేతులతో వెళ్ళకండి, మంచి షెబ్బాకియా పట్టుకెళ్ళండి. పిసినారి కొట్టువి కాదు."

"ఫద్దూల్ కూడా వస్తాడు" అన్నాడు హాజీ.

"నేనెందుకు?" అని సీ ఫద్దూల్ అనబోయి, యమ్నా ముఖం చూసి, "వస్తాను, వస్తాను" అన్నాడు. ఇద్దరూ వీధి మలుపు తిరిగేదాకా ఒకరినొకరు తప్పుపట్టుకుంటూనే వెళ్ళారు.

బతూల్ ఫోన్ తీసి గేటు గంట సరిచేసింది. పచ్చదీపం ఆరి, గేటు మౌనంగా మూసుకుంది. అప్పుడే చంకలో మూటతో వచ్చిన ఒకావిడ తన నంబరు నొక్కింది. గేటు ఆమెతో "మర్హబా" అంది. రంజాన్ మొదలైన తర్వాత ఆ గేటు ఒక ఆడమనిషిని రమ్మనడం అదే మొదటిసారి. ఆవిడ భయపడి యమ్నా వంక చూసింది.

"వెళ్ళవే తల్లీ, ఈసారి నిజంగానే రమ్మంటోంది" అంది యమ్నా.

బతూల్ ఇంకా అక్కడే నిలబడి ఉంది. "పిన్నీ, నేను..." అని ఆగిపోయింది. కళ్ళు చెమర్చాయి. యమ్నా కుర్చీలో కూర్చుని, తన మూట ముడి మెల్లగా విప్పింది. అందులోంచి ఒక్కొక్క వస్తువే తీసి, కుర్చీ పక్క గూట్లో, వాటి వాటి చోట్లలో పెట్టుకుంది. అంతా సర్దాక అప్పుడు తలెత్తింది.

"ఏడవకు. ఉపవాసంలో కన్నీళ్ళు కూడా ఖర్చే. మళ్ళీ నేను ఫోన్ చేస్తే?"

"నవ్వను పిన్నీ."

"నవ్వు. నవ్వితే నాకేం? నీ నవ్వు నాకిష్టమే" అంది యమ్నా. "నవ్వాక మాత్రం లేచి వచ్చి ఒకసారి చూడు."

బతూల్ తల ఊపింది. లోపల మళ్ళీ పాట మొదలైంది.